ఇసుక పీతల్ని దగ్గరగా చూడాలంటే ఏం చేయాలి: సిక్కోలు తీరానికి వెళ్లేవాళ్ల కోసం

బీచ్‌కి వెళ్లిన ప్రతి ఒక్కరూ చిన్న పీతల్ని చూసే ఉంటారు, కాకపోతే చాలామంది చూసింది పీత పారిపోవడమే. కళింగపట్నంలోనో బారువలోనో ఇసుక మీద అడుగు పెట్టగానే దూరంగా ఎర్రగా ఏదో కదులుతుంది, పిల్లలు కేకలేస్తూ వెంటపడతారు, అది కన్నంలోకి దూరిపోతుంది, అంతే, చూసేశాం అనుకుని వచ్చేస్తాం. అది ఏం తింటుంది, కన్నం ఎలా తవ్వుతుంది, పక్క కన్నంలో పీతతో ఎందుకు గొడవ పడుతుంది, నీటిలో ఉండాల్సిన జీవి పొడి ఇసుక మీద ఊపిరి ఎలా తీసుకుంటుంది, ఇవేవీ వెంటపడేవాళ్లకి కనబడవు. కదలకుండా కూర్చున్నవాళ్లకి అన్నీ కనబడతాయి. ఎలా కూర్చోవాలో, ఎక్కడ, ఎప్పుడు కూర్చోవాలో రాస్తాను. సంతలో కూరకి కొనే పెద్ద పీతల గురించి కాదు, ఒడ్డున ఇసుకలో బతికే చిన్నవాటి గురించే.

ముందు చోటు చూసుకోండి

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకీ లేనంత. విజయనగరానికి అంత లేదు, అయినా చింతపల్లి, కోనాడ లాంటి మంచి చోట్లు ఉన్నాయి. ఏ బీచ్‌కి వెళ్లినా పర్వాలేదు గానీ, అక్కడ ఎలాంటి నేల ఉందో చూసుకోవాలి, ఎందుకంటే ఒక్కో రకం పీత ఒక్కో రకం నేలలోనే ఉంటుంది. పైన పొడి ఇసుకలో, అలలు అప్పుడప్పుడు మాత్రమే తాకే చోట, పెద్ద కన్నాలు తవ్వేవి ఒక రకం. ఎర్రగా కనిపించేవి ఎక్కువగా వీటిలోవే, ఇంగ్లిష్‌లో గోస్ట్ క్రాబ్ అంటారు. నీరు వెనక్కి వెళ్లినప్పుడు బయటపడే చదునైన తడి ఇసుకలో, గోరంత సైజులో ఉండి ఇసుకని ఉండలు చేసి పడేసేవి ఇంకో రకం. నది సముద్రంలో కలిసే చోట బురద ఉంటుంది చూడండి, అక్కడ ఒక కాలు మాత్రమే చాలా పెద్దగా ఉండే పీతలు ఉంటాయి, వాటిని ఫిడ్లర్ క్రాబ్ అంటారు. నత్తగుల్లల్లో దూరి వాటిని మోసుకుంటూ తిరిగేవి వేరే.

అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను నదీముఖాలే చెబుతాను. వంశధార కలిసే కళింగపట్నం, నాగావళి కలిసే కళ్లేపల్లి, మహేంద్రతనయ కలిసే బారువ, అటు విజయనగరం వైపు చంపావతి కలిసే కోనాడ. ఒకే పూటలో పొడి ఇసుక, తడి ఇసుక, బురద అంచు, మూడూ నడిచి చూసే వీలుంటుంది. ఒక్క జాగ్రత్త: నదీముఖం దగ్గర నీటిలోకి దిగొద్దు. పైకి ప్రశాంతంగా కనిపించినా కింద లాగుడు గట్టిగా ఉంటుంది, ఇసుక దిబ్బలు కూడా ఒక్కో నెల ఒక్కోలా మారిపోతుంటాయి. మీరు చూడాల్సిన పీతలన్నీ ఒడ్డునే ఉన్నాయి.

నీరు దిగే టైమ్ తెలుసుకోండి

ఇది తెలియకుండా వెళ్తే సగం ప్రయాణం దండగ. మన తీరంలో రోజుకి రెండుసార్లు పోటు, అంటే నీరు ఎక్కడం, రెండుసార్లు ఆటు, అంటే నీరు దిగడం. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ రోజు ఉదయం 7 గంటలకు నీరు బాగా వెనక్కి వెళ్లిందంటే రేపు దాదాపు 7.50కి వెళ్తుంది, ఎల్లుండి ఇంకో యాభై నిమిషాలు ఆలస్యంగా. ఈ లెక్క గుర్తుంటే ఒకరోజు చూసిన టైమ్‌తో ఆ వారమంతా ప్లాన్ చేసుకోవచ్చు. ఇంట్లో పంచాంగం ఉంటే తిథి కూడా చూడండి. పౌర్ణమి, అమావాస్య, వాటి తర్వాతి ఒకటి రెండు రోజుల్లో నీరు ఎక్కువ దూరం వెనక్కి పోతుంది, ముందుకి కూడా అంతే గట్టిగా వస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో తేడా తక్కువ. మన దగ్గర పెద్ద పోటు రోజుల్లో కూడా ఎత్తులో తేడా ఒకటిన్నర మీటరు వరకే ఉంటుంది, కానీ చదునైన ఒడ్డున ఆ కాస్త తేడాకే చాలా ఇసుక బయటపడుతుంది.

ఫోన్‌లో టైడ్ యాప్‌లు ఉన్నాయి, వాడుకోవచ్చు. ఊళ్లో వేటకి వెళ్లే పెద్దవాళ్లని 'తాతా, నీరు ఎప్పుడు తీస్తాది?' అని అడిగితే ఇంకా మంచిది, వాళ్లు గాలిని కూడా కలిపి లెక్క చెబుతారు. అల్పపీడనం, తుఫాను వార్తలు ఉన్న రోజుల్లో మాత్రం వెళ్లకండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలలు వచ్చే రోజులకి హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరే ముందు అవి చూసుకోండి.

నీరు పూర్తిగా దిగాక వెళ్లడం కాదు, దిగుతూ ఉండగానే, ఓ గంటన్నర ముందే చేరుకోండి. తడి ఇసుకలో పీతలు నీరు అలా తప్పుకోగానే బయటికి వస్తాయి, మొదటి నుంచి చూడొచ్చు. నవంబర్ నుంచి మార్చి వరకు పొద్దున్న పూట కూర్చోవడానికి హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ. మధ్యాహ్నం మండే ఎండలో పొడి ఇసుక పీతలు కన్నం మూతికి ఇసుక అడ్డం పెట్టుకుని లోపలే ఉంటాయి, ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు.

ఏం పట్టుకెళ్లాలి

తాగే నీళ్లు, టోపీ, కూర్చోడానికి పాత గోనెసంచి, చిన్న నోట్‌బుక్, పెన్సిల్. బైనాక్యులర్ ఎవరి దగ్గరైనా దొరికితే చాలా బాగుంటుంది, లేకపోతే ఫోన్ జూమ్ చాలు. ముదురు ఎరుపు, తెలుపు బట్టలు వద్దు, ఇసుక రంగుకి దగ్గరగా ఉన్నవి వేసుకోండి. సీసాలు, బకెట్లు, వలలు ఇంట్లో వదిలేయండి. పిల్లల చేతిలో సీసా ఉంటే వాళ్ల మనసంతా పట్టుకోవడం మీదే ఉంటుంది.

కూర్చునే ముందు ఇసుక చదవండి

పీత కనబడకపోయినా అది ఏం చేసిందో ఇసుక మీద రాసి ఉంటుంది. నెమ్మదిగా నడుస్తూ కన్నాలు చూడండి. కన్నం మూతి దగ్గర ఇసుక తడిగా, ముదురు రంగులో, కొత్తగా విసిరినట్టు ఉంటే లోపల పీత ఉంది, ఇప్పుడే పని చేసింది. అంచులు ఎండి రాలిపోయి, మూతిలో గాలికి ఇసుక పేరుకుంటే అది వదిలేసిన ఇల్లు కావచ్చు. కన్నం చుట్టూ సన్నటి చుక్కల వరసలు ఉంటాయి, అవి కాలి మొనల గుర్తులు. పీత పక్కకి నడుస్తుంది కాబట్టి ఆ వరసలు కూడా అలాగే పక్కవాటుగా పోతాయి. వాటి వెంట చూపు పోనిస్తే ఎక్కడికి వెళ్లి తిన్నదో, ఎక్కడ భయపడి వెనక్కి పరిగెత్తిందో తెలిసిపోతుంది, పరిగెత్తిన చోట గుర్తుల మధ్య దూరం ఎక్కువ.

కన్నం సైజు, అది నీటికి ఎంత దూరంలో ఉంది, రెండూ కలిపి చూడండి. పొడి ఇసుక పీతల్లో చిన్నవి నీటికి దగ్గరగా తవ్వుకుంటాయి, పెద్దవి పైకి, ఇసుక దిబ్బల వైపు పోతాయి. పైకి పోయేకొద్దీ తడి లోతుగా ఉంటుంది కదా, అంత లోతు తవ్వగల బలం పెద్దదానికే ఉంది. ఒక్కో కన్నం మీటరు లోతు దాకా కూడా పోతుంది, అడుగున ఎప్పుడూ తడి ఉండాలి. ఎందుకంటే పీతకి కూడా చేప లాగే మొప్పలు ఉంటాయి, ఊపిరి ఆడాలంటే అవి తడిగా ఉండాలి. మొప్పలు ఎండిపోతే చచ్చిపోతుంది. అందుకని కాళ్ల మొదట్లో ఉండే సన్నటి వెంట్రుకల కుచ్చుతో తడి ఇసుకలోంచి నీటిని పీల్చుకుని మొప్పలకి అందిస్తుంది. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అని ఊరికే అనలేదు. పారిపోతుందని మనం సరదాగా వెంటపడతాం, అది మాత్రం తడి ఉన్న ఇంటికి దూరమవుతూ ఎండలో పరిగెడుతూ ఉంటుంది.

తడి ఇసుకకి వస్తే, నేలంతా బూందీ పోసినట్టు చిన్న చిన్న ఉండలు కనిపిస్తాయి. అవి గుడ్లు కాదు, మలం కాదు. పీత తినేసి వదిలిన ఇసుక. దాని గురించి కింద రాస్తాను, ఇప్పటికి వాటిని తొక్కకుండా పక్కనుంచి నడవండి చాలు.

ఇప్పుడు కూర్చోండి

కొత్త ఇసుక ఉన్న నాలుగైదు కన్నాలు ఎంచుకుని, వాటికి రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చోండి. నిలబడొద్దు. పీత కళ్లు కాడల మీద పైకి లేచి ఉంటాయి, చుట్టూ అన్ని వైపులా చూస్తాయి, ఆకాశం మీద పొడుగ్గా కనిపించే ఏ ఆకారమైనా దానికి కొంగో గద్దో. కూర్చుంటే మన ఆకారం తగ్గుతుంది. మీ నీడ కన్నాల మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా గానీ పక్కగా గానీ తిరగండి. మాటలకంటే అడుగుల అదురు ముఖ్యం, ఇసుకలో వచ్చే ఆ కదలికని అవి కాళ్లతోనే పసిగడతాయి, కాబట్టి పక్కన పిల్లలు గెంతుతుంటే మీరెంత మౌనంగా ఉన్నా ఉపయోగం ఉండదు. కాళ్లు మార్చుకోవాలంటే బాగా నెమ్మదిగా మార్చుకోండి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగదు, అక్కడే చాలామంది లేచిపోతారు. లేవకండి.

ముందు కన్నం మూతిలో రెండు కళ్లు వస్తాయి. కాసేపు అలాగే ఉంటాయి. తర్వాత సగం ఒళ్లు, ఒక వైపు కాళ్లు. ఏమీ కదలట్లేదని నమ్మకం కుదిరాక పూర్తిగా బయటికి వచ్చి, చాలాసార్లు మొదట ఇంటి పనే చేస్తుంది. లోపల్నుంచి తడి ఇసుకని ఒక పక్క కాళ్ల మధ్య పట్టుకుని తెచ్చి దూరంగా విసురుతుంది, మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. అదే పీతని చూస్తూ ఉండండి, చూపు ఇటూ అటూ మార్చొద్దు. పని అయ్యాక తిండికి దిగుతుంది. తడి ఇసుకని కత్తెర కాళ్లతో గీరి నోటికి అందించుకోవడం చూస్తారు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన చేప దొరికితే దాన్ని పీక్కు తింటుంది. బీచ్‌లో కుళ్లు మిగలకుండా చూసేవాళ్లలో ఇదొకటి. ముందున్న రెండు కత్తెర కాళ్లలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఏ పక్కది పెద్దదో రాసుకోండి, ఆ గుర్తుతో అదే పీతని మళ్లీ పోల్చుకోవచ్చు.

పక్క కన్నం పీత దగ్గరికి వస్తే మాత్రం అసలు కదలొద్దు. రెండూ ఒళ్లు పైకెత్తి, పెద్ద కాలు చూపించి, ఒకదాన్నొకటి కొలుచుకుంటాయి. చాలాసార్లు దెబ్బ పడకుండానే చిన్నది తప్పుకుంటుంది. వీటిలో చాలా జాతులకి పెద్ద కత్తెర కాలి లోపలి వైపు గరుకు గీతల వరస ఉంటుంది, దాన్ని అదే కాలి మొదలుకి రాసి చప్పుడు చేస్తాయి. అమెరికా తీరంలో ఉండే ఒక జాతి, కాళ్లు ఖాళీ లేనప్పుడు పొట్టలో తిండి నూరే పళ్లతో కూడా గుర్రుమంటుందని 2019లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఇంత చిన్న ప్రాణికి ఇన్ని రకాల మాటలు ఉన్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఇసుక ఉండలు చేసే పీతలు. వీటి దగ్గర ఇంకా తగ్గి, వీలైతే బోర్లా పడుకుని చూడండి. నీరు తప్పుకోగానే కన్నం తెరుచుకుని బయటికి వస్తాయి, గబగబా ఇసుక గీరి నోట్లో వేసుకుంటాయి, నోటి భాగాలతో ఇసుక రేణువుల మీద అంటుకున్న కంటికి కనిపించని నాచు, సేంద్రియ పదార్థం వేరు చేసి మింగుతాయి, మిగిలిన ఇసుకని ఉండగా చేసి వెనక్కి పడేస్తాయి. ఒకసారి వాడిన ఇసుకని మళ్లీ గీరవు, ఉండ చేయడం వల్ల ఏది తిన్నదో ఏది తిననిదో కలిసిపోదు. కన్నం నుంచి ఒక గీతలో బయటికి తింటూ పోయి, వెనక్కి వచ్చి, పక్కన ఇంకో గీత మొదలుపెడతాయి. ఆ గీతలన్నీ కన్నం దగ్గర కలుస్తాయి కాబట్టి భయం వేస్తే తిన్నగా ఇంటికి పరుగే, మధ్యలో అడ్డం ఏదీ ఉండదు. ఇంకో విశేషం వాటి కాళ్లలో ఉంది. కాళ్ల మీద పల్చటి పొరల కిటికీలు ఉంటాయి, గాలిలో ప్రాణవాయువు వాటిగుండా నేరుగా రక్తంలోకి పోతుంది. నీరు తిరిగి వచ్చే ముందు కన్నం మూసేసుకుంటాయి, పోటుకి ఉండలన్నీ కరిగిపోతాయి, మళ్లీ ఆటుకి కొత్త పళ్లెం.

బురద అంచున ఉండే ఫిడ్లర్ పీతల్లో మగదానికి ఒక కత్తెర కాలు ఒళ్లంత ఉంటుంది, దాన్ని పైకీ కిందికీ ఊపుతుంటే దూరం నుంచే తెలుస్తుంది. ఆడదాన్ని పిలవడానికి, పక్క మగవాళ్లని హద్దులో ఉంచడానికి ఆ ఊపు. ఆ పెద్ద కాలు తినడానికి పనికిరాదు, అందుకే ఆడది రెండు చేతులా తింటుంటే మగది ఒక్కదానితో తింటుంది. ఒకే రకం పీత రెండు మూడు కనిపిస్తే ఆ తేడా పిల్లలకి చూపించండి, వాళ్లే లెక్కపెట్టడం మొదలుపెడతారు.

ముట్టుకోవాలనిపిస్తే

పట్టుకోకండి. గిల్లుతుందని కాదు, భయపడితే కాలు వదిలేసి పారిపోతుంది. ఆ కాలు మళ్లీ మొలుస్తుంది గానీ, కుబుసం విడిచిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా, ఈలోపు తిండికీ తవ్వకానికీ ఇబ్బందే. కన్నం తవ్వి తీయడం అంతకంటే అన్యాయం. నత్తగుల్లలో ఉన్నదాన్ని లాగితే మెత్తటి పొట్ట తెగిపోతుంది, గుల్లకి బిగించి పట్టుకుని ఉంటుంది మరి. ఖాళీ గుల్లలు కూడా ఇంటికి తెచ్చుకోకండి. ఆ పీత పెరిగేకొద్దీ పెద్ద గుల్లలోకి మారాలి, ఒడ్డున దొరక్కపోతే ఇరుకు ఇంట్లోనే ఉండిపోతుంది.

చేతిలోకి తీసుకుని చూడాలంటే ఒక దారి ఉంది. ఒడ్డున పీత డొల్లలు దొరుకుతాయి, చాలావరకు అవి చచ్చినవి కాదు, కుబుసాలు. తేలిగ్గా ఉండి, వెనక వైపు చీలి, లోపల ఖాళీగా ఉంటే కుబుసమే. వెల్లకిలా తిప్పి చూడండి. పొట్ట కింద మడిచిన మూత సన్నగా మొనదేలి ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆడది గుడ్లని ఆ వెడల్పు మూత కిందే మోస్తుంది, పొదిగే వేళకి నీటి అంచుకి వెళ్లి పిల్లల్ని వదులుతుంది. ఆ పిల్లలు పీతల్లా ఉండవు, జోయియా అనే దశలో నీటిలో తేలుతూ, తర్వాత మెగలోపాగా మారి, అప్పుడు గానీ ఒడ్డుకి చేరి పీత రూపు దిద్దుకోవు. ఒడ్డున కనిపించే ప్రతి చిన్న పీతా సముద్రం తిరిగి వచ్చిందే.

రాత్రి వెళ్లేవాళ్లకి

పొడి ఇసుక పీతల్లో కొన్ని రాత్రే ఎక్కువ తిరుగుతాయి, టార్చ్ వేసి చూడాలని అందరికీ ఉంటుంది. కానీ జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి, ఆ తర్వాత నెలల్లో పిల్లలు బయటికి వస్తాయి. వెలుగు చూస్తే తల్లి తాబేలు వెనక్కి పోతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఆ నెలల్లో రాత్రి లైట్లతో తిరగొద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. పీతలు తాబేలు గుడ్లనీ పిల్లల్నీ తింటాయి, నిజమే, అది చూసి పీతల మీద పగ పెట్టుకోనక్కర్లేదు. ఎప్పటినుంచో రెండూ ఒకే ఒడ్డున బతుకుతున్నాయి. మిగతా నెలల్లో వెళ్తే టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం కట్టుకోండి, ఒంటరిగా వెళ్లకండి, ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

లెక్క రాసుకోండి

ఇది ఎవరూ చేయరు గానీ అన్నిటికంటే పనికొచ్చే మెట్టు ఇదే. నాలుగు పుల్లలు, తాడు తీసుకుని మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం కట్టండి, అందులో తెరిచి ఉన్న కన్నాలు లెక్కపెట్టండి. జనం, బళ్లు ఎక్కువ తిరిగే చోట నాలుగైదు చదరాలు, అలికిడి లేని చోట నాలుగైదు, రెండూ నీటి నుంచి ఒకే దూరంలో ఉండాలి, ఒకే పూట అవ్వాలి. కన్నాలన్నిటిలో పీత ఉందని కాదు, అయినా పోల్చడానికి సరిపోతుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇసుక బీచ్ ఎంత నలిగిపోయిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ పీతల కన్నాలే లెక్కపెడతారు. ఇసుక మీదికి జీపులు, బైకులు తెచ్చి రౌండ్లు కొట్టేవాళ్లకి ఈ అంకెలు చూపిస్తే ఉపన్యాసం అక్కర్లేదు.

తేదీ, తిథి, టైమ్, ఊరు, నీరు దిగుతోందా ఎక్కుతోందా, ఏ రకం పీతలు, కన్నాల లెక్క, ఇంతే రాయండి. ఫొటో తీస్తే ముందు నుంచి ఒకటి తీయండి, కళ్ల కాడల మీద కొమ్ము మొనలు ఉన్నాయో లేవో తెలియాలి, జాతి గుర్తుపట్టడానికి అదొక ఆధారం. పెద్ద కత్తెర కాలు కనబడేలా ఇంకొకటి. ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే జాతి చెప్పేవాళ్లు దొరుకుతారు. వానలకి ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి, అదే చోట, అదే ఆటుకి చదరం కట్టి మళ్లీ లెక్కపెట్టండి.